ఆసుపత్రిలో అనకూడని రెండు మాటలు

టీబీ అని డాక్టర్ చెప్పినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది జబ్బు కాదు, హాస్టల్లో నా గదిలో ఉండే ముగ్గురమ్మాయిల మొహాలు. వాళ్ళకెలా చెప్పాలి, చెప్పకపోతే ఎన్నాళ్ళు దాగుతుంది, తెలిస్తే ఏమంటారు. బతుకుతానా లేదా అన్న ఆలోచన ఆ తర్వాతెప్పుడో, నారాయణగూడ చౌరస్తా దాటుతుంటే వచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ వరుసకే నవ్వొస్తుంది. అప్పుడు రాలేదు.

అది 2011 ఆగస్టు. గ్రూప్స్ పరీక్షల కోసం జనగామ దగ్గరి పల్లె నుంచి నేను వచ్చి అప్పటికి రెండేళ్ళు. అశోక్‌నగర్‌లో హాస్టలు, చిక్కడపల్లి లైబ్రరీలో కుర్చీ, మధ్యలో చాయ్. అదే నా లోకం. ఎండాకాలం నుంచే దగ్గు ఉంది. లైబ్రరీ పుస్తకాల దుమ్మనుకున్నాను. సాయంత్రమైతే ఒళ్ళు వెచ్చబడేది, అలసట అనుకున్నాను. చిక్కిపోతుంటే గదిలో అమ్మాయిలు "ఏం తింటున్నవే స్వరూపా, జర మాక్కూడ చెప్పు" అని ఆట పట్టించారు. రుమాలు మీద ఎర్రటి చార కనిపించిన రోజు మాత్రం దేన్నో ఒకటి అనుకుని సర్దుకోవడం కుదరలేదు.

మందు మొదలయ్యాక మూత్రం నారింజ రంగులో వస్తుందని ముందే చెప్పారు. కానీ బాత్‌రూమ్ అందరిదీ. ఒకమ్మాయి చూసి అడిగింది. మా అమ్మ మాటల్లో నాకు నోరెక్కువ, కానీ అబద్ధానికి ఆ నోరు పనికిరాదు. సాయంత్రానికల్లా వార్డెన్ పిలిచింది.

"నీ మంచికే చెప్తున్న స్వరూపా. ఇంటికి పోయి మంచిగ తిను, రెస్ట్ తీస్కో. తగ్గినంక రా, నీ బెడ్డు నీకే ఇస్త."

అంత మర్యాదగా వెళ్ళగొట్టడం నేనెప్పుడూ చూడలేదు. వంటామె మాత్రం గేటు దాకా వచ్చి రెండు ఉడకబెట్టిన గుడ్లు కాగితంలో చుట్టి ఇచ్చింది. చేతికివ్వలేదు, నా సంచి మీద పెట్టింది. అయినా ఇచ్చింది.

ఇంటికి ఫోన్ చేశాను. అన్న ఎత్తాడు, సంగతి చెప్పాను. తర్వాత అన్నాడు, "చెల్లె, నువ్వు ఏమనుకోకు. ఇంట్ల చిన్న పొల్ల ఉన్నది. నీ మందులు అయిపోయేదాంక అక్కడ్నే ఉండరాదు?" వెనకాల అమ్మ ఏడుపు వినబడుతోంది. అన్న అన్నది తప్పని నేననను. వాళ్ళ పాపకి మూడో నెల కూడా నిండలేదు. నేనైనా అదే అనేదాన్నేమో. కానీ ఫోన్ పెట్టేశాక, నాకు ఈ భూమ్మీద వెళ్ళడానికి ఒక్క ఇల్లూ లేదన్న సంగతి మెల్లగా ఎక్కింది.

అశోక్‌నగర్‌లోనే ఒక జిరాక్స్ షాపు పైన రేకుల గది దొరికింది. నాది ఆస్తమా అని ఓనర్‌కి చెప్పాను. అబద్ధం నేర్చుకోవడానికి అంతే పట్టింది. పగలు ఆ రేకుల కింద ఉడికిపోయేదాన్ని. కింద జిరాక్స్ మిషన్ ఆగకుండా తిరుగుతూ ఉండేది. ఊరి నుంచి వచ్చిన పిల్లలందరూ మెటీరియల్ కాపీలు తీయించుకుంటూ, జోకులేసుకుంటూ. వాళ్ళందరూ బతికే ఉన్నారు, నేనే ఎక్కడో పైన మిగిలిపోయాను అనిపించేది. పుస్తకం తెరిస్తే అక్షరం ఎక్కేది కాదు. రోజంతా నా పేరు పెట్టి ఎవరూ పిలవని రోజులు గడిచాయి.

పిలిచేది ఒక్క చోటే. నారాయణగూడలో మందులిచ్చే సెంటర్. రోజు విడిచి రోజు వెళ్ళి సిస్టర్ కళ్ళ ముందే గుప్పెడు మాత్రలు మింగాలి. ప్రతి రోగికీ సొంతంగా ఒక మందుల డబ్బా, దాని మీద పేరు. మొదటిరోజే సిస్టర్ నా డబ్బా చూపించి చెప్పింది. "ఇది నీదే, ఇంకొకళ్ళకు ఇయ్యం. ఆర్నెల్లు. జర మంచిగైనట్టు అనిపించంగనే మానేస్తరు చూడు, వాళ్ళకే మళ్ళ మొండిగ వస్తది. అప్పుడు ఈ మందులు పని చెయ్యయి." నేను తలూపాను. మింగిన గంటకి కడుపులో తిప్పేది, కీళ్ళు పట్టేసేవి. ఆర్నెల్లు అన్న మాట ఒక గోడలా కనిపించేది.

ఆ సెంటర్ వరండాలో ఒక పొడుగాటి బల్ల. దాని అటు చివర ఒకావిడ కూర్చునేది. యాభై దాటిన మనిషి, నీటుగా కుచ్చిళ్ళు పెట్టిన నేత చీర, మూతికి అడ్డంగా కొంగు. పేరు కామేశ్వరి అని సిస్టర్ పిలిస్తే తెలిసింది. ఎవరితోనూ మాట్లాడేది కాదు. నాకేమో ఆ చీర, ఆ కూర్చోవడం చూసి "ఆంధ్రామె, పొగరు" అనిపించింది. అవి ఉద్యమం రోజులు, అందరం ఎదుటి మనిషి నోరు విప్పగానే ఏ వైపో లెక్కేసుకునేవాళ్ళం.

నేను మాత్రలు మింగి లేచేటప్పుడల్లా "పోత సిస్టర్" అనేదాన్ని. అన్న ప్రతిసారీ ఆవిడ ఉలిక్కిపడేది. కొన్నాళ్ళు ఊరుకుని, ఒక రోజు ఇక ఆగలేకపోయింది.

"ఛ ఛ, అదేం మాటమ్మాయ్! ఆసుపత్రిలో నుంచుని పోతా పోతా అంటావేమిటి? శుభమా అని వస్తానండీ అనాలి."

నా నోరు ఊరుకుంటుందా? "మా దిక్కు గిట్లనే అంటం ఆంటీ. పోయేటోళ్ళు పోత అనక ఏమంటరు? అయినా దవాఖానకు మళ్ళ వస్త అనుడు మంచిదా? మా అమ్మ వింటే చెప్పు తీస్కుంటది."

ఆవిడ ఏదో అనబోయి ఆగిపోయింది.

"అదీ నిజమేనే. ఆసుపత్రికి వస్తాననకూడదు. మరేమనాలి?"

"ఏమో."

"ఏమో ఏమిటి, అన్నీ తెలిసినట్టు దెబ్బలాడావుగా?"

ఆవిడే ముందు నవ్వింది. తర్వాత నేను. నవ్వు దగ్గయింది, ఇద్దరం బల్ల రెండు చివర్లా పట్టుకుని కళ్ళనీళ్ళొచ్చేదాకా దగ్గాం. లోపల్నుంచి సిస్టర్ అరిచింది, "ఎవరా నవ్వేది? దూరం దూరం కూసోండ్రి!"

ఆ రోజు నుంచీ విడిపోయేటప్పుడు మేం ఏమీ అనేవాళ్ళం కాదు. తలూపి లేచేవాళ్ళం, అంతే. ఆవిడ నా కోసం ఒక అరటిపండు తెచ్చేది, "ఉత్త కడుపున మింగకే, అందుకే తిప్పుతుంది" అని. సంగతులు కూడా ఒక్కొక్కటే చెప్పింది. ఏలూరు దగ్గర పుట్టి, పెళ్ళై ఈ ఊరొచ్చింది. చిక్కడపల్లిలో ఇల్లు. పిల్లల్లేరు. భర్త పోయి నాలుగేళ్ళు. కింద వాటాలో మరిది కుటుంబం, పైన ఆవిడ. జబ్బు సంగతి తెలిసిన రోజు నుంచి తోడికోడలు భోజనం పైకి తేవడం మానేసి మెట్ల మీద పెడుతోంది. పళ్ళెం అంచుకి మేకుతో గీత గీసి గుర్తు కూడా పెట్టారట. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆవిడ నవ్వింది. అది నవ్వు కాదు. ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నాం. కానీ ఆవిడ ఇల్లు నేను చూడలేదు. నా గదీ ఆవిడ చూడలేదు, జిరాక్స్ షాపు పైన రేకుల గది అని మాత్రం తెలుసు.

సెప్టెంబర్‌లో ఉద్యమం కోసం సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి. ఇద్దరిదీ నడకే కాబట్టి సెంటర్‌కి మాత్రం వెళ్తూనే ఉన్నాం. ఆ నెలాఖర్లో బతుకమ్మ వచ్చింది. మా దగ్గర ఆడపిల్ల ఆ పండక్కి పుట్టింటికి వెళ్ళకుండా ఉండడమంటే ఆమెకి పుట్టిల్లు లేనట్టే. పండగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు పొద్దున అన్న ఫోన్ చేశాడు. బస్సుల్లేవు కాబట్టి ఎలాగూ రాలేనని నాకూ తెలుసు, అతనికీ తెలుసు. ఆ ఒక్క ముక్క అని ఊరుకుంటే సరిపోయేది.

"ఊర్ల అందరికి తెలిసింది చెల్లె. అమ్మతోని బతుకమ్మ ఆడనీకి ఎవ్వరు వస్తలేరు. నువ్వు ఇప్పట్ల రాకు."

అమ్మ ఒక్కతే బతుకమ్మ పెట్టుకుని వాకిట్లో నిలబడి ఉండడం నా కళ్ళకి కట్టింది. నా ఊపిరితిత్తుల్లో పురుగు అక్కడ మా అమ్మ చుట్టూ మనుషుల్ని లేకుండా చేసింది. అంతకు ముందు నా మీద నాకు జాలి ఉండేది. ఆ పూట అసహ్యం వేసింది. ఆ రోజు మందు రోజే. నేను వెళ్ళలేదు. కామేశ్వరి గారే ఫోన్ చేసింది, ఎందుకు రాలేదని.

"ఆంటీ, నేను పోత. ఇగ రాను. నా డబ్బా ఎవరికన్న ఇయ్యమని చెప్పుండ్రి సిస్టర్‌కు."

"ఎక్కడికే? బస్సులు లేవు కదా?"

ఫోన్ కట్ చేసి, ఆఫ్ చేసి, తలుపు గడియ పెట్టుకుని పడుకున్నాను. ఆ మాట ఏ అర్థంలో అన్నానో ఇప్పటికీ అడిగితే తడుముకుంటాను. ఊరికి పోత అనుకున్నానని చెప్పుకోవచ్చు. కానీ ఊళ్ళో చోటు లేదు, రోడ్డు మీద బస్సు లేదు, డబ్బా ఇంకొకళ్ళకి ఇవ్వరని సిస్టర్ ఎప్పుడో చెప్పింది. ఇవన్నీ నాకు తెలియవా?

చిక్కడపల్లి నుంచి అశోక్‌నగర్ ఒంట్లో బాగున్నవాళ్ళకి పెద్ద నడక కాదు. ఆవిడ ఎన్ని అరుగుల మీద కూర్చుందో నాకు చెప్పలేదు. అశోక్‌నగర్‌లో జిరాక్స్ షాపు లేని వీధి లేదు. ఆవిడ ఒక్కో షాపులోకీ వెళ్ళి "బాబూ, మీ పైన రేకుల గదిలో స్వరూప అని దగ్గే అమ్మాయి ఉంటుందా?" అని అడుగుతూ వచ్చిందట. మా షాపు దగ్గరకొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. కింద నుంచి ఆ గొంతు నాకు వినబడింది, మంచం మీంచి లేవలేదు.

"ఆ పిల్లకు మీరేమైతరమ్మా?" అని ఓనర్ అడుగుతున్నాడు.

ఇంట్లో పనిమనిషికి కూడా తన జబ్బు పేరు చెప్పని మనిషి ఆవిడ.

"ఏమీ కాను. ఇద్దరికీ టీబీ బాబూ, ఒక్క చోటే మందు మింగుతాం. పోతానని ఫోన్లో అంది. ముందు తలుపు తీయించండి!"

కింద జిరాక్స్ మిషన్ ఆగిపోయింది. నేను లేచి తలుపు తీశాను. ఆవిడ మెట్ల మధ్యలో పిట్టగోడ పట్టుకుని వంగిపోయి ఉంది, ఊపిరి అందడం లేదు. నేను కిందికి దిగి పట్టుకున్నాను. ఊపిరి అందగానే నా భుజం మీద కొట్టింది. ఆ దెబ్బలో బలం లేదు.

"పోతానంటావా? నాతో అంటావా ఆ మాట?"

"ఊరికి ఆంటీ... ఊరికి పోత అన్న."

"ఏ బస్సులో?"

ఆ మెట్ల మీదే కూర్చుని ఏడ్చాను. జబ్బు తెలిసిన రోజు నుంచి ఏడవనిదంతా ఏడ్చాను. ఆ మందుకి కన్నీళ్ళు కూడా రంగు తేలతాయి. ఆవిడ కొంగుకి నారింజ మరకలయ్యాయి. ఆవిడ దాన్ని చూసి "నావీ ఇలాగే వస్తాయే" అంది.

ఓనర్ కింద నుంచే అన్నాడు, "ఆస్తమా అంటివి గదమ్మా. ఇయ్యాల్నే ఖాళీ చెయ్యి. ఇంత మంది పిల్లలు వస్తరిక్కడికి." మెటీరియల్ కాపీల కోసం నిలబడ్డ పిల్లలు పక్కకి జరిగి మాకు దారి ఇచ్చారు. అంత వెడల్పు దారి ఎవరికీ ఇచ్చి ఉండరు. వాళ్ళలో ఒకప్పుడు లైబ్రరీలో నా పక్కన కూర్చున్న అమ్మాయి కూడా ఉంది.

"నా నోటి మూలాన్నే కదా నీ గది పోయింది. పద" అంది ఆవిడ.

ఒక బకెట్లో గిన్నెలు, ఒక సంచిలో బట్టలు, పుస్తకాలు. ఇద్దరం ఆగుతూ ఆగుతూ చిక్కడపల్లి వైపు నడిచాం. అప్పటికి సాయంత్రమైంది. సందుల్లోంచి ఆడవాళ్ళు పట్టుచీరలు కట్టుకుని, తాంబాలాల్లో బతుకమ్మలు పట్టుకుని బయటికొస్తున్నారు. ఇన్నేళ్ళు ఈ ఊళ్ళో ఉండి కూడా కామేశ్వరి గారు బతుకమ్మని అంత దగ్గర్నుంచి చూడలేదట. "అవేం పూలే?" అని అడిగింది. తంగేడు, గునుగు అని చెప్పాను. ఒకామె మమ్మల్ని చూసి, "గిట్ల నిలబడ్డరేంది అక్కా, పట్టుండ్రి" అని ప్రసాదం సత్తుపిండి పెట్టబోయింది. మేం దూరం జరిగి కొంగు పట్టాం. ఆమెకి అది మర్యాద అనిపించి ఉంటుంది. ఇంకో పిడికెడు వేసింది.

ఇంటి గుమ్మంలో మరిది గారు అడ్డం నిలబడ్డాడు.

"వదినగారూ, ఇదేం పని? మనింట్లో ఉన్న జబ్బు చాలదా? పైగా ఈ గొడవల్లో, వాళ్ళ పిల్లని..."

"జబ్బున్న పిల్ల కాబట్టే తెచ్చాను" అంది ఆవిడ. "నా పళ్ళేనికి గీత గీసిన రోజు మనం మనం అని మీకు గుర్తు రాలేదుగా. పై వాటా మీ అన్నయ్యది. తప్పుకోండి."

ఆయన తప్పుకున్నాడు. తర్వాత చాలా వారాలు మాతో మాట్లాడలేదు. ఆ రోజు మెట్ల మీద భోజనం ఒక్కరికే ఉంది, గీత పళ్ళెంలో. ఆవిడ నాకు వేరే కంచం వెతుకుతుంటే నేను ఆ పళ్ళెంలోంచే ముద్ద తీసుకున్నాను. ఆవిడ చెయ్యి ఆగిపోయింది. అత్తగారి కాలం నుంచి మడి, ఎంగిలి పాటించిన మనిషి.

"ఇద్దరిది ఒక్కటే పురుగు ఆంటీ. గిప్పుడింక ఎంగిలేంది?"

నన్నూ పళ్ళాన్నీ మార్చి మార్చి చూసింది. తర్వాత ఎదురుగా కూర్చుని అదే పళ్ళెంలో తినడం మొదలుపెట్టింది. ఇది తెలిసి సిస్టర్ మమ్మల్ని చెడామడా తిట్టింది, మర్నాటి నుంచి రెండు కంచాలు పెట్టుకున్నాం. కానీ ఆ పూట తిన్నట్టు ఆవిడ అంతకు ముందు నాలుగేళ్ళలో తినలేదని నాకు తర్వాత చెప్పింది.

ఇంకొకటి కూడా చెప్పింది, కొన్నాళ్ళకి, కిటికీ దగ్గర బియ్యం ఏరుతూ.

"ఆ రోజు బల్ల మీద నిన్నెందుకు కోప్పడ్డానో తెలుసా? నీ భాష రాక కాదే. ఆ మాట నా నోట్లోనే తిరుగుతోందప్పుడు. ఆయన పోయాక ఎవరి కోసం మింగాలీ మాత్రలు, ఇవాళ్టితో మానేద్దాం అని రోజూ అనుకునే వచ్చేదాన్ని. నువ్వు టక్కున పైకి అనేసరికి ఒళ్ళు మండింది."

నేను బియ్యంలో రాయి వెతుకుతున్నట్టు తల దించుకున్నాను. ఇంతకాలం నన్ను ఈవిడ పట్టుకుని లాగుతోందనుకున్నాను. ఈవిడా బావిలోనే ఉందని నాకు తట్టలేదు.

ఆ చలికాలం తేలిగ్గా గడవలేదు. ఆవిడకి పచ్చకామెర్లేమోనన్న అనుమానంతో కొన్ని రోజులు మందు ఆపారు, అప్పుడు నేను పడ్డ భయం నా జబ్బుకి కూడా పడలేదు. పెద్దాసుపత్రి వరండాలో రక్తపరీక్ష కాగితం కోసం కూర్చుని, ఎన్నడూ లేనిది మొక్కులు మొక్కాను. మళ్ళీ మొదలుపెట్టారు. నా నోటికి దడిసి ఆవిడ తినేది, ఆవిడ అలుగుతుందని నేను మింగేదాన్ని. మెల్లగా ఆవిడ మళ్ళీ స్టవ్ వెలిగించి పైనే వండడం మొదలుపెట్టింది. పప్పులో చింతపండు ఎక్కువని నేను, నాకు కారం పిచ్చని ఆవిడ. ఇలా ఎవరితోనైనా దెబ్బలాడి ఎన్నాళ్ళయిందో ఇద్దరికీ గుర్తులేదు.

2012 మార్చి నాటికి ఇద్దరి డబ్బాలూ ఖాళీ అయ్యాయి. పరీక్షలో ఏమీ లేదన్నారు. అన్న వచ్చి ఊరికి తీసుకెళ్ళాడు. దారంతా కిటికీలోంచి బయటికే చూశాడు. అమ్మ నా మొహం రెండు చేతుల్తో పట్టుకుని చాలాసేపు వదల్లేదు. అన్నని నేనేమీ అనలేదు. ఇది చదివేవాళ్ళలో ఎవరైనా మధ్యలో మానేద్దామని చూస్తుంటే మాత్రం అంటాను. మానకండి. ఇది సలహా కాదు, తిట్టే అనుకోండి.

గ్రూప్స్ నాకు రాలేదు. ఉప్పల్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతున్నాను. ఆదివారాలు చిక్కడపల్లి వెళ్ళేదాన్ని. 2014 జూన్‌లో, కొత్త రాష్ట్రం వచ్చిన కొద్ది రోజులకి, ఒక సోమవారం పొద్దున ఆవిడకి ఫోన్ చేశాను. ఎత్తింది ఆవిడ కాదు, ఇల్లు ఊడ్చే యాదమ్మ.

"అమ్మ పోయింది బిడ్డా."

"ఎప్పుడు?"

"పొద్దుగాల్నే పోయింది. నీకు చెప్పలేదా?"

ఇంకేమీ వినకుండా ఫోన్ పెట్టేశాను. ఆటోలో చిక్కడపల్లి దాకా ఎలా వచ్చానో తెలియదు. నేను జనగామ పిల్లని. పుట్టినప్పటి నుంచి ఆ మాట రోజుకి వందసార్లు విన్నదాన్ని. అయినా ఆ పొద్దున అది నాకు ఒకే అర్థంలో వినబడింది. ఇంటి ముందు జనం లేరు. యాదమ్మ మెట్లు కడుగుతోంది. నా వాలకం చూసి చీపురు వదిలేసింది.

"ఏమైంది బిడ్డా? అమ్మ దవాఖానకు పోయింది. నారాయణగూడల మీరు పోయే దవాఖాన."

బతికే ఉంది. కానీ ఆ దవాఖానకి ఎందుకు? మళ్ళీ వచ్చిందా, నాకు చెప్పకుండా దాచిందా? పరుగో నడకో తెలియకుండా వెళ్ళాను. వరండాలో అదే బల్ల. ఈసారి కామేశ్వరి గారు ఈ చివర ఉంది, మూతికి కొంగు లేదు, ఒళ్ళో అరటిపళ్ళ సంచి. అటు చివర చున్నీ అడ్డం పెట్టుకుని ఎవరో కొత్త అమ్మాయి.

"పోతా అనకు" అని ఆవిడ ఆ అమ్మాయికి చెబుతోంది. "అలాగని వస్తా అనీ అనకు. ఊరికే తలూపి వెళ్ళు."

నన్ను చూసి ఆగిపోయింది. "ఏమే, బడి లేదా? ఎందుకలా రొప్పుతున్నావు?"

"యాదమ్మ... మీరు పోయిండ్రని చెప్పింది."

ఆవిడ నా మొహం వంక చూసింది. కాసేపటికి అర్థమైంది.

"పోయానని? అంటే నువ్వు... నువ్వే అలా అనుకున్నావా?"

"అనుకోలే" అన్నాను. మొహం అంతా తడిగా ఉంది.

ఆవిడే ముందు నవ్వింది, సంచి కింద పడిపోయేలా. ఆ బల్ల మీద కూలబడి నేనూ మొదలుపెట్టాను. లోపల్నుంచి సిస్టర్ అరుస్తోంది, ఎవరా నవ్వేది అని. ఆ కొత్తమ్మాయి చున్నీ వెనక నుంచి మమ్మల్ని పిచ్చివాళ్ళని చూసినట్టు చూస్తోంది. చాలాసేపు నవ్వాం. ఇద్దరిలో ఎవరికీ దగ్గు రాలేదు.